యుద్ధలోహం నుంచి స్మరణాంగుళీయకం దాకా: సైనికసేవా చిహ్నాలు, తెలుగు వస్తుసంస్కృతి, గోదావరి డెల్టా సందర్భం

వ్యాస సంగ్రహం

యుద్ధంలో వాడిన లోహాన్ని, కలపను ఆభరణంగా మలిచి సైనికసేవను స్మరించుకోవడం ఆధునిక ప్రపంచంలో విస్తరించిన ఒక వస్తుసంస్కృతి. మొదటి ప్రపంచయుద్ధ కందకాలలో ఫిరంగిగుండు శకలాలతో చేసిన ఉంగరాలు దీనికి ప్రసిద్ధ నిదర్శనాలు. ఈ సంప్రదాయపు పుట్టుకను, నిర్మాణ విధానాన్ని, అంతరార్థాన్ని వివరించి, తెలుగునాట సేవాగౌరవ చిహ్నాలైన గండపెండేరం, వీరుల ఆయుధపూజ, ముద్రిక, బిరుదనామం మొదలైన వాటితో పోల్చి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. భీమవరం పరిసరాల్లోని గోదావరి డెల్టాను, ముఖ్యంగా ‘మిలిటరీ మాధవరం’గా పేరొందిన గ్రామాన్ని సందర్భంగా గ్రహించి, గౌరవచిహ్నానికి విలువ లోహం వల్ల వస్తుందా, చరిత్ర వల్ల వస్తుందా, సాక్ష్యం వల్ల వస్తుందా అనే ప్రశ్నను ఇది చర్చిస్తుంది.

కీలక పదాలు: అంగుళీయకం, అభిజ్ఞానం, కందక కళ, గండపెండేరం, వస్తుసంస్కృతి, మాధవరం, అజ్జరం, స్మృతి.

1. ప్రవేశిక

1914-18 మధ్య ఫ్రాన్సు, బెల్జియం యుద్ధరంగాలలో సైనికులు తీరిక వేళల్లో చేసిన వస్తువుల్లో ఉంగరం ముఖ్యమైనది. జర్మన్ ఫిరంగిగుండ్ల ముందుభాగంలో అమర్చే పేలుడు సాధనానికి అల్యూమినియం వాడేవారు. గుండు పేలిన తరువాత దొరికిన ఆ ముక్కలను ఏరి, కరిగించి లేదా కోసి, జేబుకత్తితోను ఆకురాయితోను ఉంగరాలుగా మలిచేవారు. తమను చంపడానికి వచ్చిన లోహమే భార్యకో తల్లికో పంపే కానుకగా మారింది. ఇలాంటి వస్తువులన్నిటికీ ‘కందక కళ’ అనే పేరు స్థిరపడింది.

ఈ సంప్రదాయం యుద్ధంతో ముగిసిపోలేదు. విరమించిన యుద్ధనౌకల కలప, పాత తుపాకుల మడమ కర్ర, తూటాల ఇత్తడి గొట్టాలు నేడు కూడా చేతిపనివారి చేతుల్లో ఉంగరాలుగా రూపొందుతున్నాయి. విశ్రాంత సైనికులు, వారి వారసులు వాటిని ధరిస్తున్నారు. బంగారం కాని ఈ ఉంగరానికి బంగారంకంటె ఎక్కువ గౌరవం ఎక్కడినుంచి వస్తున్నది? ఆభరణ పరిభాషలోను వీరపూజలోను సుదీర్ఘ సంప్రదాయం గల తెలుగు సమాజంలో దీనికి సాటివచ్చే భావన ఉన్నదా? ఉంటే అది ఏ రూపంలో ఉన్నది? ఈ మూడు ప్రశ్నలే ఈ వ్యాసానికి ఆధారం.

2. ముద్రిక, అభిజ్ఞానం: సాహిత్యంలో ఉంగరం

తెలుగులో ఉంగరానికి అంగుళీయకం, ముద్రిక అనే పర్యాయపదాలు ఉన్నాయి. మొదటిది వేలిని బట్టి వచ్చింది. రెండవది ముద్రను బట్టి, అంటే ఉంగరం చేసే పనిని బట్టి వచ్చింది. ముద్రిక అలంకారమే కాదు, అధికారపత్రం కూడా. రామాయణంలో శ్రీరాముడు హనుమంతునికి ఇచ్చినది తన నామాంకితమైన ఉంగరం. లంకలో సీతకు దూతపై విశ్వాసం కలిగించినది దాని మూల్యం కాదు, దానిపైనున్న పేరు, అది ఎవరి వేలినుంచి వచ్చిందన్న నిశ్చయం.

శకుంతల కథ ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. మహాభారతంలోని శకుంతలోపాఖ్యానంలో, దాన్ని అనుసరించిన నన్నయ రచనలో ఉంగరం లేదు. శకుంతల మాటను నిలబెట్టినది ఆకాశవాణి. కాళిదాసు నాటకంలో ఆ స్థానాన్ని ఉంగరం ఆక్రమించింది. అది నీటిలో జారిపోతే రాజుకు జ్ఞాపకం లేదు, చేప కడుపులోనుంచి దొరికితే జ్ఞాపకం తిరిగివచ్చింది. తెలుగులో పిల్లలమర్రి పినవీరభద్రుడు శృంగార శాకుంతలంలో ఈ కథను కావ్యంగా నిర్వహించాడు. ఒకే కథకు రెండు సాక్ష్యాలు: ఒకటి వాక్కు, రెండవది వస్తువు. గుర్తింపుకు సాధనమైన వస్తువును మన అలంకార, నాటక పరిభాష ‘అభిజ్ఞానం’ అంటుంది.

సైనిక స్మారక ఉంగరాన్ని అర్థం చేసుకోవడానికి ఈ పదం ఎంతో ఉపకరిస్తుంది. దాన్ని ఆభరణంగా చూస్తే తక్కువ వెల గల లోహపు ముక్క మాత్రమే కనిపిస్తుంది. అభిజ్ఞానంగా చూస్తే అది ఒక వ్యక్తిని, ఒక స్థలాన్ని, ఒక సేవాకాలాన్ని గుర్తుకు తెచ్చే సాక్ష్యం అవుతుంది. వస్తువుతోపాటు స్మృతి కూడా పోగలదనే భయం శకుంతల కథలో ఉన్నట్లే ఈ ఉంగరాల వెనుకా ఉంది.

3. గండపెండేరం: వీరుని కాలినుంచి కవి కాలికి

సేవకు ప్రతిఫలంగా ధరించే లోహచిహ్నం తెలుగువారికి కొత్త కాదు. గండపెండేరం అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ‘గండ’ శబ్దానికి శూరుడు, మగటిమి గలవాడు అనే అర్థాలు ఉన్నాయి. పెండేరం కాలికి తొడిగే కడియం. పేరే చెబుతున్నట్లు ఇది మొదట వీరచిహ్నం. శ్రీకృష్ణదేవరాయలు అల్లసాని పెద్దన కాలికి స్వయంగా గండపెండేరం తొడిగాడన్న ప్రసిద్ధి వల్ల అది సాహిత్యగౌరవంగా మనకు ఎక్కువ పరిచితమైంది. ఆధునిక కాలంలో కూడా కవిపండితులకు గండపెండేరం తొడిగే సత్కారాలు జరిగాయి. యుద్ధరంగంలో పుట్టిన పదం ఈ విధంగా సాహిత్య సభలో స్థిరపడింది.

గండపెండేరానికి, కందకాల ఉంగరానికి మధ్య మౌలికమైన భేదం ఉంది. గండపెండేరానికి గౌరవం మూడు చోట్లనుంచి వస్తుంది: అది స్వర్ణం కావడం, ఇచ్చినవాడు ప్రభువు కావడం, ఇచ్చినది నిండుసభలో కావడం. ఆ బంగారం అంతకుముందు ఏ యుద్ధం చూసిందన్న ప్రశ్న అక్కడ పుట్టదు. కందకాల ఉంగరంలో ఈ మూడూ లేవు. లోహం హీనమైనది. ఇచ్చే ప్రభువు లేడు, చేసినవాడే ధరిస్తాడు లేదా ఇంటికి పంపుతాడు. సభ లేదు. ఉన్నదల్లా ఆ లోహానికి గల గతం మాత్రమే. మొదటిది అధికారం ప్రసాదించిన గౌరవం, రెండవది అనుభవం సంపాదించిన గౌరవం.

4. మార్పు చెందని ఆయుధం: కారెంపూడి సంప్రదాయం

యుద్ధసామగ్రికే గౌరవం ఆపాదించే పద్ధతి మనకు లేకపోలేదు. పల్నాటి యుద్ధం 12వ శతాబ్ది చివరిభాగపు ఘటన. ఆ వీరుల స్మృతిలో కారెంపూడిలో ఏటా కార్తికమాసంలో ఉత్సవాలు జరుగుతాయి. అక్కడి వీరుల గుడిలో ఆయుధాలే పూజామూర్తులు. వాటిని ‘కొణతాలు’ అంటారు. బ్రహ్మనాయునిదిగా భావించే ఆయుధానికి ‘నృసింహకుంతం’ అని పేరు. వివిధ గ్రామాలనుంచి వీరవంశస్థులు, వీరాచారవంతులు తమ ఇళ్లలోని ఆయుధాలను కూడా తీసుకువచ్చి నాగులేటి తీరాన ఊరేగిస్తారు.

ఇక్కడ గమనించవలసిన సూత్రం ఒకటి ఉంది. ఆయుధం రూపం మార్చుకోదు, దానిని కరిగించరు, కోయరు. ధరించరు కూడా, మోస్తారు. అది వ్యక్తి సొత్తుగా కాక వీరసమాజపు సొత్తుగా నిలుస్తుంది. ఐరోపా కందకకళలో లోహం రూపం మారితే తప్ప స్మృతిచిహ్నం కాదు. పల్నాటిలో రూపం మారకుండా ఉండటమే స్మృతికి ఆధారం. వీరగల్లు కూడా ఇటువంటిదే. వీరుడు మరణించిన చోట నిలబెట్టిన ఆ శిల ఆ స్థలంతో విడరాని బంధం కలిగి ఉంటుంది. ఉంగరం స్థలాన్ని వదిలి ఇంటికి ప్రయాణం చేస్తుంది, వీరగల్లు స్థలాన్ని వదలదు. సముద్రాల అవతల మరణించి, స్వగ్రామంలో శిల కూడా పొందలేని సైనికుని విషయంలో ప్రయాణించగల చిహ్నం అవసరం ఎందుకు కలిగిందో ఈ భేదం వివరిస్తుంది.

5. కందకాల ఉంగరం: నిర్మాణం, వర్గీకరణ

అల్యూమినియం ద్రవీభవన స్థానం సుమారు 660 డిగ్రీల సెల్సియస్. ఇత్తడి కరగడానికి 900 డిగ్రీలకు పైగా వేడి కావాలి. కందకంలో మంట రాజేసి, ఇనుప గరిటెలోనో పాత డబ్బాలోనో అల్యూమినియాన్ని కరిగించడం సాధ్యం, ఇత్తడిని కరిగించడం కష్టం. ఉంగరాలకు అల్యూమినియం ఎక్కువగా వాడటానికి ఇది ప్రధాన కారణం. కరిగిన లోహాన్ని మట్టి అచ్చులో పోసి, చల్లారిన ముద్దకు రంధ్రం చేసి, వేలి కొలతకు వచ్చేదాకా లోపలి అంచు అరగదీసేవారు. పైముఖంలో చిన్న గాడి చెక్కి, గుండు చుట్టూ ఉండే రాగి పట్టీనుంచి తీసిన ముక్కను హృదయాకారంలోనో, శిలువ ఆకారంలోనో, దళచిహ్నంగానో పొదిగేవారు.

తూటా గొట్టానికి వాడే ఇత్తడిలో సుమారు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు యశదం ఉంటాయి. ఈ పాళం వల్ల లోహం సాగుతుంది, పగలదు. సుత్తిదెబ్బలకు ఇది గట్టిపడుతుంది కాబట్టి మధ్యమధ్య కాల్చి మెత్తబరచవలసి ఉంటుంది. కందకకళలో ఇత్తడి గొట్టాలు పూలపాత్రలుగా, ఉత్తరాలు కోసే కత్తులుగా, బూడిదపళ్లాలుగా మారాయి. నేటి చేతిపనివారు కొత్త పరికరాలతో ఇదే ఇత్తడినుంచి ఉంగరాలు కూడా చేస్తున్నారు. నిత్యం ధరించే ఇత్తడి ఉంగరం చెమటకు చిలుము పట్టి వేలిపై పచ్చని మచ్చ వేస్తుంది. అందుకే లోపలి అంచుకు వెండి లేదా ఉక్కు పొర అమర్చడం వాడుకలోకి వచ్చింది.

కందకకళను శాస్త్రీయంగా అధ్యయనం చేసినవారిలో నికొలస్ సాండర్స్ ప్రముఖుడు. 2003లో వెలువడిన గ్రంథంలో ఆయన ఈ వస్తువులను ముఖ్యంగా చేసినవారిని, చేసిన కాలాన్ని బట్టి వర్గీకరించాడు. యుద్ధకాలంలో సైనికులు, యుద్ధఖైదీలు చేసినవి ఒక వర్గం. యుద్ధప్రాంతపు పౌరులు ఆ కాలంలోను తరువాతి రెండు దశాబ్దాలలోను చేసినవి మరొక వర్గం. యుద్ధానంతరం వ్యాపారదృష్టితో తయారైనవి ఇంకొక వర్గం. పౌరులు చేసిన వస్తువులను యుద్ధభూములు చూడవచ్చిన యాత్రికులు, మృతుల బంధువులు కొనుక్కునేవారు. అంటే సేవకు గుర్తుగా పుట్టిన వస్తువు ఒక తరం గడవకముందే జీవనోపాధి అయింది, ఆపైన సరుకు అయింది. వస్తువుకు కూడా మనిషికి వలె జీవితచరిత్ర ఉంటుందని, అది సరుకుగా మారడం, సరుకుతనంనుంచి బయటపడటం ఆ చరిత్రలోని దశలేనని 1986లో ఇగోర్ కోపిటాఫ్ చేసిన ప్రతిపాదనకు కందకాల ఉంగరం చక్కని ఉదాహరణ.

6. పతకాల లోహం, సేవల తారతమ్యం

సైనికుడు తనకు తాను చేసుకున్న చిహ్నాన్ని, ప్రభుత్వం ఇచ్చిన చిహ్నంతో పోల్చి చూడాలి. మొదటి ప్రపంచయుద్ధంలో 10 లక్షలకు పైగా భారతీయులు విదేశాలలో సేవచేశారు. 74 వేల మందికి పైగా మరణించారు. ఆ యుద్ధానికి బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన ‘బ్రిటిష్ వార్ మెడల్’ను సైనికులకు వెండితో పోతపోశారు. చైనా, మాల్టా, భారతదేశాలకు చెందిన కార్మికదళాల వారికి అదే పతకాన్ని కంచుతో ఇచ్చారు. రూపం ఒకటే, శాసనం ఒకటే, లోహం మాత్రం వేరు. తుపాకి పట్టినవాని సేవ వెండి, మట్టి తవ్వి బరువులు మోసినవాని సేవ కంచు.

దీనికి భిన్నమైన మరొక చిహ్నం మరణించినవారి కుటుంబాలకు ఇచ్చిన స్మారకఫలకం. దాదాపు 12 సెంటీమీటర్ల వ్యాసం గల ఈ కంచుఫలకాలు 13 లక్షలకు పైగా తయారయ్యాయి. వీటిపై మరణించినవాని పేరు మాత్రమే ఉంటుంది, హోదా ఉండదు. మరణంలో తారతమ్యం లేదన్నది దాని భావన. బతికినవారికి లోహంలో తారతమ్యం పాటించిన రాజ్యమే మరణించినవారికి సమత్వం ప్రకటించింది. రెండవ ప్రపంచయుద్ధం నాటికి సామాన్యసేవకు ఇచ్చిన ‘వార్ మెడల్’, ‘ఇండియా సర్వీస్ మెడల్’ రెండూ రాగి-నికెల్ మిశ్రమలోహంతోనే తయారయ్యాయి. వీటిలో కరిగించి అమ్ముకోదగిన విలువ లేదు. వెండి పతకాల విషయం వేరు. 1980 ప్రాంతంలో వెండి ధర విపరీతంగా పెరిగినప్పుడు అనేక బ్రిటిష్ వార్ మెడళ్లు మూసలోకి చేరాయి. పతకం అంచుపై చెక్కిన సైనికుని పేరు, సంఖ్య, దళం పేరు లోహంతోపాటే కరిగిపోయాయి. విలువైన లోహం స్మృతిని కాపాడుతుందనుకోవడం పొరపాటని, ఒక్కొక్కప్పుడు ఆ విలువే దానికి శత్రువవుతుందని ఈ ఉదంతం చెబుతున్నది. అల్యూమినియం ఉంగరాలను కరిగించవలసిన అవసరం ఎవరికీ కలగలేదు.

7. లోహం ముందా, కథ ముందా?

1856 జనవరి 29న ఏర్పడిన విక్టోరియా క్రాస్ పతకాన్ని క్రిమియా యుద్ధంలో సెవాస్తొపోల్ వద్ద పట్టుబడిన రష్యన్ ఫిరంగుల కంచుతో చేస్తారన్నది సుప్రసిద్ధమైన కథనం. అయితే ఏ ఫిరంగుల వెనుకవైపు ఉండలను కోసి ఆ లోహం తీశారని చెబుతారో, అవి చైనాలో తయారైనవని తరువాతి పరిశీలకులు గుర్తించారు. పతకం గౌరవానికి ఇందువల్ల లోటు రాలేదు. కెనడాలో ఇంజనీర్లు ధరించే ఇనుప ఉంగరం విషయంలోనూ ఇటువంటి కథనమే ఉంది. 1907లో కూలిన క్వెబెక్ వంతెన ఇనుముతో తొలి ఉంగరాలు చేశారని ప్రతీతి. అది వాస్తవం కాదు. అయినా 1925లో ప్రారంభమైన ఆ సంప్రదాయానికి బలం చేకూర్చినది ఆ ప్రతీతే.

మన సమాజంలోనూ వాడిన ఇనుముకు ప్రత్యేకశక్తి ఉంటుందన్న నమ్మకం ఉంది. శనిదోష పరిహారంగా నడిమివేలికి ధరించే నల్లగుర్రపు నాడా ఉంగరం అందుకు నిదర్శనం. కొత్త ఇనుము అందుకు పనికిరాదు. గుర్రం డెక్కకింద అరిగిన నాడా అయితేనే ఫలమిస్తుందని నమ్మిక. దుకాణంలో దొరికే ఉంగరం నిజంగా గుర్రం తొక్కినదేనా అన్న అనుమానం ఆ నమ్మకంతోపాటే పుడుతుంది. ‘లోహానికి విలువ వాడకం వల్ల వస్తుంది’ అనే భావన తెలుగువారికి పరాయిది కాదని, అది గ్రహశాంతి రంగంలో ఉండి, సేవాగౌరవ రంగంలోకి రాలేదని దీనిద్వారా గ్రహించవచ్చు.

స్వతంత్ర భారతంలో యుద్ధలోహం స్మృతిసరుకుగా మారిన ప్రముఖ ఉదంతం ఐఎన్ఎస్ విక్రాంత్. 1961 మార్చి 4న నౌకాదళంలో చేరిన ఈ విమానవాహక నౌక 1971 యుద్ధంలో బంగాళాఖాతంలో పనిచేసి కాక్స్‌బజార్, చిట్టగాంగ్ రేవులపై విమానదాడులు నిర్వహించింది. 1997 జనవరి 31న విరమించి, కొంతకాలం ముంబయిలో ప్రదర్శనశాలగా ఉండి, 2014లో తుక్కుకింద అమ్ముడుపోయింది. దాని లోహాన్ని కలిపి తయారుచేసిన మోటారుసైకిల్‌ను ఒక ప్రముఖ సంస్థ 2016లో విపణిలోకి తెచ్చింది. అదే సంవత్సరం ముంబయిలో ఆ నౌక లోహంతో చేసిన స్మారకశిల్పం వెలిసింది. విశాఖపట్నంలో మాత్రం కురుసురా జలాంతర్గామి కరగకుండా, కోతపడకుండా 2002నుంచి సముద్రతీరంలో ప్రదర్శనశాలగా నిలిచింది. ఒకటి ముక్కలై వేలాది ఇళ్లకు చేరింది, రెండవది ముక్క కాకుండా వేలాదిమందిని తన దగ్గరకు రప్పించుకుంటున్నది. కందకపు ఉంగరానికీ కారెంపూడి కొణతానికీ మధ్య చూసిన భేదమే ఇక్కడా కనిపిస్తుంది.

8. గోదావరి డెల్టా: రెండు స్మృతులు, ఒక నేల

భీమవరం పరిసరాలు ఈ చర్చకు ప్రత్యేక సందర్భాన్ని సమకూరుస్తాయి. తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరం ‘మిలిటరీ మాధవరం’గా ప్రసిద్ధం. మొదటి ప్రపంచయుద్ధానికి 90 మంది, రెండవ ప్రపంచయుద్ధానికి వెయ్యిమందికి పైగా ఈ గ్రామంనుంచి వెళ్లారని ప్రచారంలో ఉన్న లెక్క. స్వాతంత్ర్యానంతరమూ ఇంటింటినుంచి సైన్యంలో చేరే ఆచారం కొనసాగింది. గ్రామంలో సైనిక స్మారకం ఉంది. కొన్ని కుటుంబాలు పిల్లలకు మేజర్, కెప్టెన్, సుబేదార్ వంటి హోదాలనే పేర్లుగా పెట్టుకున్నాయని పత్రికాకథనాలు పేర్కొన్నాయి.

వస్తుసంస్కృతి దృష్టితో చూస్తే ఈ చివరి అంశం మిక్కిలి విలువైనది. మాధవరంలో సేవాచిహ్నం లోహంలోకాక నామంలో నిక్షిప్తమైంది. తాత హోదా మనుమని పేరయింది. ఊరిపేరుకు ముందు ‘మిలిటరీ’ విశేషణమై నిలిచింది. నన్నయ శకుంతలకు ఉంగరం అక్కరలేక వాక్కే సాక్ష్యమైనట్లు, ఇక్కడ కూడా వాక్కే అభిజ్ఞానం. బిరుదనామాల సంప్రదాయం గల తెలుగు సమాజానికి ఇది సహజం. ‘గండ’ శబ్దం రాజుల, వీరుల బిరుదులలో చేరిన రీతిలోనే ‘మేజర్’ వ్యక్తినామంలో చేరింది. లోహాన్ని దొంగిలించవచ్చు, కరిగించవచ్చు. పేరును పిలిచినంతకాలం పోగొట్టలేరు.

అయితే ఈ స్మృతి ముందు ఒక చిక్కు ఉంది. మాధవరంనుంచి 1947కు ముందు వెళ్లినవారు పనిచేసినది వలసప్రభుత్వపు సైన్యంలో. అదే డెల్టా అల్లూరి సీతారామరాజు పితృభూమి. ఆయన పూర్వికుల గ్రామమైన మోగల్లు భీమవరానికి సమీపంలోనే ఉంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసుస్టేషన్‌పై దాడితో మొదలైన మన్యం పోరాటంలో ఆయన ఎదుర్కొన్నది ఆ ప్రభుత్వపు సాయుధబలగాలనే. ఆ దాడులలో స్వాధీనం చేసుకున్న ఆయుధాల వివరాలను స్టేషన్ పుస్తకంలోనే రాసి సంతకం చేశాడని ప్రసిద్ధి. శత్రువు ఆయుధాన్ని తీసుకోవడంలోనూ దాని రాకపోకలకు లిఖితసాక్ష్యం ఉంచడం గమనార్హం. 2022 జూలై 4న, ఆయన 125వ జయంతి సందర్భంగా భీమవరంలో 30 అడుగుల కంచువిగ్రహాన్ని ప్రధానమంత్రి ఆవిష్కరించారు. ఒక జిల్లాలోనే ఒకవైపు సామ్రాజ్యంపై తిరుగుబాటుకు కంచుస్మృతి, మరొకవైపు సామ్రాజ్యపు సైన్యంలో పనిచేసినవారికి గ్రామస్మృతి ఉన్నాయి. జాతీయోద్యమ చరిత్రలో రెండవదానికి చోటు తక్కువ. జీతంకోసమో, కుటుంబ ఆచారంకోసమో, గౌరవంకోసమో వెళ్లి మెసొపొటేమియాలోనో బర్మాలోనో కష్టపడిన మనిషి సేవను, ఆ సేవ పొందిన రాజ్యంనుంచి వేరుచేసి స్మరించడం సాధ్యమా? వ్యక్తి చేతిలోని చిన్న ఉంగరం సాధ్యమనే అంటుంది. అది రాజ్యాన్ని స్మరించదు, మనిషిని స్మరిస్తుంది. బహిరంగ విగ్రహానికి ఆ వెసులుబాటు లేదు.

డెల్టాలో ఇందుకు విలోమమైన ప్రక్రియ కూడా జరిగింది. యుద్ధలోహం ఆభరణం కావడం ఒకటైతే, ఆభరణం పోరాటసాధనం కావడం రెండవది. 1921లో గాంధీజీ ఏలూరు వచ్చినప్పుడు మాగంటి అన్నపూర్ణమ్మ తన నగలను ఉద్యమానికి సమర్పించింది. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు ఏర్పడిన జాతీయరక్షణనిధికి దేశమంతటా స్త్రీలు గాజులు, గొలుసులు, ఉంగరాలు ఇచ్చారు. 1813లో నెపోలియన్‌తో యుద్ధకాలంలో ప్రష్యా స్త్రీలు బంగారు ఉంగరాలు ఇచ్చి ఇనుప ఉంగరాలు ధరించారు. అక్కడ ఇచ్చినదానికి గుర్తుగా ఇనుప ఉంగరం మిగిలింది. మనవద్ద ఇచ్చినదానికి గుర్తు బోసిమెడ, బోసిచేయి. సేవాచిహ్నాల చరిత్ర పురుషుల పతకాలతో నిండిపోవడానికి ఇది ఒక కారణం: స్త్రీల సేవకు చిహ్నం లేకపోవడమే చిహ్నమైంది.

9. చేతిపని, చట్టం, నైతికత

తణుకు సమీపంలోని అజ్జరం ఇత్తడిపనికి ప్రసిద్ధం. బిందెలు, గంటలు, దేవాలయ సామగ్రి అక్కడి కొలిముల్లో రూపొందుతాయి. పాత ఇత్తడిని మూసలో కరిగించి కొత్తరూపం ఇవ్వడం ఈ వృత్తికి సహజధర్మం. డెల్టా పట్టణాల్లోని కంసాలులకు పొదగడం, వెలిగారంతో అతకడం, పుటం పెట్టడం తరతరాల విద్య. సైనికస్మృతి గల మాధవరం, లోహవిద్య గల అజ్జరం ఒకే డెల్టాలో ఉన్నాయి. స్మారక ఉంగరం ఇక్కడ రూపొందడానికి కావలసిన రెండు వనరులూ ఉన్నట్లే. అయితే మూడు హెచ్చరికలు అవసరం.

మొదటిది భద్రత. పేలని తూటాను, మందుగుండును ఎవరూ ముట్టరాదు. 1959 ఆయుధచట్టం మందుగుండు కలిగి ఉండటాన్ని నియంత్రిస్తుంది. రెండవది చారిత్రకత. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రకాసక్తి గల వస్తువుకు వందేళ్లు నిండితే అది పురావస్తువు కాగలదు. మొదటి ప్రపంచయుద్ధపు పతకాలు ఆ వయస్సు దాటాయి. పేరు చెక్కిన పతకాన్ని కరిగించి ఉంగరం చేయడమంటే గౌరవించడం పేరుతో పత్రాన్ని తగలబెట్టడమే. కరిగించదగినది పేరులేని లోహం, తుక్కుగా నిర్ణయమైన లోహం మాత్రమే. మూడవది సాక్ష్యం. లోహం ఎక్కడిది, ఎవరు ఇచ్చారు, ఎవరు మలిచారు, ఎవరి సేవకు గుర్తు అనే వివరాలు రాతలో లేని ఉంగరం మరుసటి తరానికి మామూలు ఇత్తడిముక్క. ముద్రికకు ముద్ర ఎంత అవసరమో స్మారక అంగుళీయకానికి ఈ వివరం అంత అవసరం.

10. ముగింపు

పై పరిశీలన వల్ల సేవాచిహ్నాలలో నాలుగు రీతులు తేలుతున్నాయి. ప్రభువు ప్రసాదించే విలువైన లోహం ఒకటి: గండపెండేరం, పతకం. మార్పుచెందక పూజలందుకునే ఆయుధం రెండవది: కారెంపూడి కొణతం. రూపం మార్చుకొని శరీరాన్ని చేరిన యుద్ధలోహం మూడవది: కందకాల ఉంగరం. లోహమే లేకుండా నోటిలో నిలిచే చిహ్నం నాలుగవది: మాధవరం పేర్లు. తెలుగు సంప్రదాయంలో మొదటి, రెండవ, నాలుగవ రీతులు బలంగా ఉన్నాయి. మూడవదానికి కావలసిన భావన నల్లగుర్రపు నాడాలో ఉన్నా, అది సేవాస్మృతితో కలవలేదు.

ఇందులో ఏ రీతికీ స్వయంగా ఆధిక్యం లేదు. వెండి కరిగిపోయింది, ఫిరంగి కథ సవరణకు గురైంది, ఉంగరం సరుకైంది. నిలిచినవన్నీ ఎవరో ఒకరు పేరు పిలిచినవి, లేదా పేరు రాసిపెట్టినవి. డెల్టా గ్రామాలలో ట్రంకుపెట్టెల అడుగున ఉన్న పతకాల అంచులను చదివి, అక్కడి పేర్లను, సంఖ్యలను, దళాలను నమోదుచేసే పని పరిశోధకులు చేపట్టవలసి ఉంది. దుష్యంతునికి ఉంగరం దొరికిన తరువాతే జ్ఞాపకం వచ్చింది. ఇక్కడ ఉంగరాలూ పతకాలూ ఇంకా ఇళ్లలోనే ఉన్నాయి, వాటిని చదవగల తరం మాత్రం వేగంగా తరిగిపోతున్నది.